మెదడులోని క్యాన్సర్ కాని గడ్డకు కేంద్రీకృత రేడియేషన్: నల్లగొండ, పాలమూరు కుటుంబాలకు ఒక మార్గదర్శి

మెదడులో గడ్డ ఉన్నట్టు ఎంఆర్‌ఐలో బయటపడితే, అది క్యాన్సర్ కాదని డాక్టరు ఎంత నచ్చజెప్పినా, తల కోయాల్సి వస్తుందేమోనన్న భయం ఇంటిల్లిపాదినీ పట్టుకుంటుంది. ఆ సమయంలోనే ఎవరో ఒక బంధువు, కోత లేకుండా కరెంటు పెట్టి తగ్గిస్తారట, ఒక్క రోజులో ఇంటికి పంపిస్తారట అని చెబుతారు. ఆ మాట అబద్ధం కాదు. తలలోని చిన్న చోటు మీదికి రేడియేషన్ కిరణాలను అతి కచ్చితంగా కేంద్రీకరించే ఈ పద్ధతిని స్టీరియోటాక్టిక్ రేడియోసర్జరీ అంటారు. తగిన రోగికి, తగిన గడ్డకు ఇది చక్కని చికిత్స. అయితే కిరణాలు పెట్టే పని గంటల్లో ముగిసిపోతుంది కానీ, దానికి ముందు సరైన నిర్ణయం తీసుకోవడం, ఆ తరువాత ఏళ్ల తరబడి పరీక్షలు మానకుండా చేయించుకోవడం మాత్రం రోగి మీద, కుటుంబం మీద ఉండే బాధ్యతలు. మన జిల్లాల వాళ్లు ఇబ్బంది పడేది కూడా ఎక్కువగా ఈ రెండు చోట్లే కాబట్టి, యంత్రం గురించి కంటే వాటి గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

ముందుగా, అది ఏ గడ్డ?

క్యాన్సర్ కాని గడ్డలలో ఈ చికిత్సకు ఎక్కువగా వచ్చేవి మూడు రకాలు. మెదడును కప్పి ఉంచే పొరల నుంచి పుట్టేది మెనింజియోమా. వినికిడిని, శరీర సమతూకాన్ని చూసే నరం మీద పుట్టేది వెస్టిబ్యులర్ ష్వానోమా, దీనినే అకౌస్టిక్ న్యూరోమా అని కూడా రిపోర్టులలో రాస్తారు. ఒక చెవి మెల్లగా వినపడకుండా పోవడం, ఆ చెవిలో హోరు, నడకలో తూలు దీని లక్షణాలు. ఫోను ఎప్పుడూ ఒకే చెవి దగ్గర పెట్టుకోవడం మొదలైందని ఇంట్లోవాళ్లు గమనించడంతో ఇది బయటపడిన సందర్భాలు కూడా ఉంటాయి. మూడవది మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథిలో, అంటే పిట్యూటరీలో వచ్చే అడినోమా.

ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. పిట్యూటరీ గడ్డలలో ప్రొలాక్టిన్ అనే హార్మోనును అధికంగా వదిలే రకానికి సాధారణంగా మొదటి చికిత్స ఆపరేషనూ కాదు, రేడియేషనూ కాదు, క్యాబర్‌గోలిన్ వంటి మాత్రలు. చాలామందిలో ఆ మాత్రలకే గడ్డ కుంచించుకుపోతుంది. కాబట్టి పిట్యూటరీ గడ్డ అనగానే రక్తంలో ప్రొలాక్టిన్‌తో పాటు ఇతర హార్మోన్ల పరీక్షలన్నీ చేయించిన తరువాతనే మిగతా మాట మాట్లాడాలి. పెళ్లయిన ఆడపిల్లకు నెలసరి ఆగిపోయి, కాన్పు కాకుండానే పాలు వస్తుంటే ఇంట్లో దాచిపెట్టకుండా డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే ఆ ఒక్క వివరంతోనే దారి మారిపోవచ్చు.

అలాగే స్కానింగులో కనిపించే ప్రతి మచ్చా ట్యూమర్ కాదు. టీబీ వల్ల మెదడులో ఏర్పడే గడ్డలు, బద్దెపురుగు లార్వాల తిత్తులు మన దేశంలో అరుదు కావు, వాటికి మందులతోనే చికిత్స ఉంది. రేడియోసర్జరీకి ముందు చాలాసార్లు ముక్క తీసి పరీక్షించరు, స్కానింగు చూసే నిర్ధారిస్తారు. అందువల్ల ఆ స్కానింగును చదివినవారు అనుభవజ్ఞులా కాదా అన్నది చిన్న విషయం కాదు. సందేహం ఉన్నచోట ముక్క పరీక్ష కావాలని డాక్టరు అడిగితే దానిని ఆలస్యంగా భావించకూడదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. తలకు దెబ్బ తగిలిందనో, తలనొప్పి అనో తీసిన స్కానింగులో చిన్న మెనింజియోమా అనుకోకుండా కనిపించి, దానివల్ల ఏ బాధా లేకపోతే, ఏమీ చేయకుండా ఆరు నెలలకు ఒకసారి, ఆపై ఏడాదికి ఒకసారి స్కానింగు తీస్తూ కనిపెట్టి ఉండడం కూడా గౌరవనీయమైన వైద్య నిర్ణయమే. చిన్న ష్వానోమాలకు కూడా ఇది వర్తిస్తుంది. గడ్డ ఉందని తెలిసి ఊరికే కూర్చోవడం మనసుకు కష్టమే, కానీ పెరగని గడ్డకు చికిత్స చేస్తే దుష్ప్రభావాలు మాత్రమే మిగలవచ్చు.

కిరణాలు ఏం చేస్తాయి

స్వీడన్ దేశపు న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ 1951లో ఈ ఆలోచనను ప్రతిపాదించారు. 1960ల చివరికి స్టాక్‌హోమ్‌లో మొదటి గామా నైఫ్ యంత్రం పనిచేయడం మొదలుపెట్టింది. చుట్టూ గుట్టల మీద నుంచి సన్నని వాగులు వేటికవే వచ్చి ఒకే చెరువులో కలిసినట్టు, దాదాపు రెండు వందల సన్నని కిరణాలు వేర్వేరు దిక్కుల నుంచి వచ్చి గడ్డ ఉన్నచోట కలుస్తాయి. ఏ ఒక్క కిరణమూ తాను దాటివచ్చిన మెదడుకు పెద్దగా హాని చేయదు, అవన్నీ కలిసే చోట మాత్రం మోతాదు ఎక్కువగా పడుతుంది. గామా నైఫ్‌లో ఈ కిరణాలు కోబాల్ట్-60 నుంచి వస్తాయి. పాత యంత్రాలలో 201 మూలాలు ఉండేవి, కొత్త వాటిలో 192 ఉంటాయి. కోబాల్ట్ శక్తి 5.3 ఏళ్లకు సగానికి పడిపోతుంది కాబట్టి, మూలాలు పాతబడినకొద్దీ అదే మోతాదు ఇవ్వడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఒకరికి నలభై నిమిషాలు, మరొకరికి రెండు గంటలు పట్టిందంటే రెండవవారి జబ్బు ముదిరిందని అర్థం కాదు.

సైబర్ నైఫ్‌లో రోబో చేతికి అమర్చిన చిన్న లీనియర్ యాక్సిలరేటర్ (ఎక్స్-కిరణాలు పుట్టించే యంత్రం, పొట్టిగా లినాక్) రోగి చుట్టూ తిరుగుతూ ఎక్స్-కిరణాలు పంపుతుంది. క్యాన్సర్ దవాఖానల్లో మామూలుగా ఉండే లినాక్ యంత్రాలలో కూడా తగిన పరికరాలు ఉంటే ఇదే చికిత్స చేయవచ్చు. మూడింటిలో ఏది గొప్పదన్న ప్రశ్న మీద కుటుంబాలు చాలా సమయం వృథా చేసుకుంటాయి. నా దృష్టిలో యంత్రం పేరు కంటే ఆ బృందం ఇటువంటి గడ్డలకు తరచుగా చికిత్స చేస్తోందా, కిరణాలు ఎక్కడ, ఎంత పడాలో లెక్కవేసే ప్లానింగులో న్యూరోసర్జన్, రేడియేషన్ ఆంకాలజిస్టు, మెడికల్ ఫిజిసిస్టు ముగ్గురూ కూర్చుంటారా అన్నవే ముఖ్యం. మన దేశంలో ఏ రేడియేషన్ యంత్రమైనా అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ లైసెన్సుతోనే నడవాలి. ఆ లైసెన్సు ఉందా అని అడగడానికి ఎవరూ మొహమాటపడనక్కర్లేదు.

కిరణాలు పడిన గడ్డ కరిగి మాయమైపోదు. ఈ మాట చికిత్సకు ముందే ఇంట్లో అందరికీ అర్థం కావాలి. కిరణాలు గడ్డలోని కణాల జన్యుపదార్థాన్ని, దానికి రక్తం తెచ్చే సన్నని నాళాలను దెబ్బతీస్తాయి. దాంతో కణాలు విభజన చెందలేక, నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ గడ్డ పెరగడం ఆగిపోతుంది, కొందరిలో మెల్లగా చిన్నదవుతుంది. రిపోర్టులో గడ్డ అంతే ఉందని, పెరగలేదని రాస్తే అది విజయం. గ్రేడ్ 1, అంటే క్యాన్సర్ కాని మామూలు రకం మెనింజియోమాలలో, వెస్టిబ్యులర్ ష్వానోమాలలో అయిదేళ్ల తరువాత చూసినప్పుడు పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఈ విధంగా గడ్డ అదుపులో ఉంటుంది. హార్మోన్లు వదిలే పిట్యూటరీ గడ్డలలో పెరుగుదల ఆగినా, హార్మోను స్థాయి మామూలుకు రావడానికి ఏళ్లు పట్టవచ్చు, కొందరిలో పూర్తిగా రాకపోవచ్చు కూడా. అంతవరకు మందులు వాడుతూనే ఉండాలి.

ఎవరికి తగదు

సాధారణంగా మూడు సెంటీమీటర్ల లోపు గడ్డలకు ఒకే సిట్టింగులో ఇచ్చే చికిత్స సరిపోతుంది. అంతకంటే పెద్దదైతే చుట్టూ ఉన్న ఆరోగ్యమైన మెదడుకు పడే మోతాదు పెరిగిపోతుంది. గడ్డ పెద్దదై మెదడు కాండాన్ని నొక్కుతున్నా, మెదడులోని నీరు దారి మూసుకుపోయి నిలిచిపోతున్నా, చూపు రోజురోజుకూ తగ్గుతున్నా ముందు ఆపరేషనే కావాలి, ఎందుకంటే రేడియేషన్ ఒత్తిడిని వెంటనే తగ్గించలేదు. అటువంటి పరిస్థితిలో ఆపరేషనుకు భయపడి కోత లేని చికిత్స కోసం దవాఖానలు మారుతూ నెలలు గడపడం ప్రాణానికే ముప్పు. ఆపరేషనులో ప్రమాదం లేనంత మేరకు గడ్డను తీసి, ముఖ్యమైన నరాలకు అంటుకుని ఉన్న కొద్దిపాటి ముక్కను వదిలేసి, దానికి తరువాత రేడియోసర్జరీ ఇవ్వడం ఇప్పుడు బాగా ఆచరణలో ఉంది. సర్జన్ కొంత గడ్డ మిగిల్చారంటే పని సగంలో వదిలేశారని కాదు, నరాన్ని కాపాడాలని అలా చేశారు.

కంటి నరం గురించి ప్రత్యేకంగా అడగాలి. అది రేడియేషన్‌కు చాలా సున్నితమైనది, ఒకే సిట్టింగులో దానికి పడే మోతాదు ఎనిమిది నుంచి పది గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) లోపు ఉంచడానికి బృందం జాగ్రత్త పడుతుంది. మెనింజియోమాకు సాధారణంగా ఇచ్చే మోతాదు గడ్డ అంచు దగ్గర 12 నుంచి 16 గ్రే, ష్వానోమాకు 12 నుంచి 13 గ్రే. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే, గడ్డకూ కంటి నరానికీ మధ్య కనీసం రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఎందుకు కావాలో తెలుస్తుంది. ఆ ఎడం లేనప్పుడు మోతాదును మూడు లేదా అయిదు రోజులకు విభజించి ఇస్తారు. ఇంకా దగ్గరగా ఉంటే రోజుకు 1.8 గ్రే చొప్పున అయిదారు వారాలు, మొత్తం 50 నుంచి 54 గ్రే వరకు ఇచ్చే పాత పద్ధతే మేలు. పక్కింటివారికి ఒక్కరోజులో అయిపోయింది, మాకు ఆరు వారాలు ఎందుకు అని అడగాలనిపిస్తే, గడ్డకు కంటి నరం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో అడగండి, జవాబు దొరుకుతుంది.

హైదరాబాదుకు వెళ్లే ముందు

ఈ చికిత్సకు మన జిల్లాల నుంచి హైదరాబాదుకే వెళ్లాలి. గామా నైఫే కావాలని డాక్టరు సూచిస్తే బెంగళూరు నిమ్హాన్స్, ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ వంటి ప్రభుత్వ సంస్థలలో ఆ యంత్రం ఉంది. చికిత్స అవసరమా కాదా అన్న అభిప్రాయం కోసం మాత్రం ముందు పంజాగుట్టలోని నిమ్స్‌లోనో, ఉస్మానియా, గాంధీ దవాఖానల్లోనో న్యూరోసర్జరీ ఓపీకి వెళ్లవచ్చు. నల్లగొండ, భువనగిరి వైపు వారికి బీబీనగర్ ఎయిమ్స్ దగ్గరగా ఉంటుంది. ఒక న్యూరోసర్జన్, ఒక రేడియేషన్ ఆంకాలజిస్టు, ఇద్దరి అభిప్రాయమూ తీసుకోకుండా తేదీ ఖరారు చేసుకోవద్దని నా గట్టి సలహా. క్యాన్సర్ కాని గడ్డలు సాధారణంగా మెల్లగా పెరుగుతాయి కాబట్టి, చూపు తగ్గడం, వాంతులు, మత్తు వంటివి లేనప్పుడు రెండు మూడు వారాలు ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంటుంది.

వెళ్లేటప్పుడు ఎంఆర్‌ఐ ఫిలిం ఒక్కటే తీసుకెళితే చాలదు. స్కానింగు సెంటరులో డైకామ్ రూపంలో ఉన్న సీడీని లేదా పెన్ డ్రైవును అడిగి తీసుకోవాలి, ఎందుకంటే డాక్టరు గడ్డను కొలవాలన్నా, పాత స్కానింగుతో పోల్చాలన్నా కంప్యూటరులో అదే కావాలి. జిల్లా కేంద్రంలో తీసిన ఎంఆర్‌ఐ గడ్డ ఉందని తెలుసుకోవడానికి సరిపోతుంది కానీ, ప్లానింగు కోసం ఒక మిల్లీమీటరు మందం ముక్కలతో, కాంట్రాస్టు ఇంజెక్షనుతో మళ్లీ తీస్తారు. అదే ఖర్చు రెండుసార్లు ఎందుకని వాదించవద్దు. ఏ చిన్న పరీక్షకైనా ముందే డబ్బు పెట్టేయకుండా, చికిత్స చేసే చోట ఏమేమి కావాలో కనుక్కుని చేయించుకుంటే వృథా తగ్గుతుంది. చెవి నరం గడ్డకు వినికిడి పరీక్ష, పిట్యూటరీ గడ్డకూ కంటి నరం దగ్గరి గడ్డలకూ చూపు విస్తీర్ణం కొలిచే పెరిమెట్రీ తప్పనిసరి. ఇవి చికిత్సకు ముందు ఎలా ఉన్నాయో కాగితం మీద లేకపోతే, తరువాత తగ్గిందో పెరిగిందో ఎవరూ చెప్పలేరు.

డబ్బు విషయం. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొట్టమొదట అమలైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి, కాబట్టి ఈ పథకం పేరు ఇక్కడ తెలియని ఇల్లు లేదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి పది లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది. అయితే దవాఖాన పథకంలో ఉన్నంత మాత్రాన ప్రతి చికిత్సా అందులో ఉంటుందని కాదు. మీకు రాసిన చికిత్స పేరుతో సహా చూపించి, అది ఆ దవాఖానలో పథకం కింద ఉందా అని అక్కడ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగాలి, 104 నంబరుకు ఫోన్ చేసి కూడా కనుక్కోవాలి. అనుమతి వచ్చిన తరువాతనే తేదీ తీసుకోవాలి. వర్తించకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేసుకోవచ్చు. దానిలో చికిత్సకు ముందే ఎల్ఓసీ, అంటే ఖర్చుకు ప్రభుత్వం ఇచ్చే హామీ పత్రం తీసుకునే పద్ధతి, చికిత్స తరువాత బిల్లులు పెట్టుకునే పద్ధతి రెండూ ఉన్నాయి కాబట్టి ప్రతి రసీదునూ అసలు కాగితంగానే దాచుకోవాలి. సొంత డబ్బుతో చేయించుకునేవారు, చెప్పిన ప్యాకేజీలో ప్లానింగు ఎంఆర్‌ఐ, మాస్కు, ఒక రాత్రి పడక, మందులు కలిసి ఉన్నాయా లేదా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. భూమి అమ్మే మాట మొదలయ్యే ముందు ఈ కాగితం ఇంట్లో ఉండాలి.

డాక్టరుకు ముందే చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. పేస్‌మేకర్ గానీ, శరీరంలో ఇనుప పరికరాలు గానీ ఉంటే ఎంఆర్‌ఐకి ముందే తెలియాలి. కిడ్నీ జబ్బు ఉంటే కాంట్రాస్టు ఇంజెక్షను విషయంలో జాగ్రత్త కావాలి, అందుకే క్రియాటినిన్ పరీక్ష చేస్తారు. గర్భం ఉన్నదేమోనన్న అనుమానం ఎంత కొద్దిగా ఉన్నా దాచకూడదు. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే, చికిత్స రోజున తలకు లోహపు ఫ్రేము బిగించేటప్పుడు రక్తస్రావం కావచ్చు కాబట్టి ఆ సంగతి కూడా చెప్పాలి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక విషయం ఇక్కడ చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పెద్దవారిలో మెడ, వెన్ను బిగుసుకుపోయి వెల్లకిలా పడుకోలేని వారు ఉన్నారు. ఈ చికిత్సలో తల కదలకుండా, బల్ల మీద వెల్లకిలా చాలాసేపు పడుకోవాలి, ఫ్రేము గానీ మాస్కు గానీ తల ఒక నిర్దిష్టమైన కోణంలో ఉన్నప్పుడే సరిపోతుంది. చికిత్స రోజున బల్ల మీద ఈ సంగతి బయటపడితే అందరికీ కష్టం. మొదటి సంప్రదింపులోనే రోగిని బల్ల మీద పడుకోబెట్టి చూడమని అడగండి. మెత్తలు, వంపు దిండ్లు అమర్చడం, నొప్పి మందు ముందుగా ఇవ్వడం, మోతాదును విభజించి ఒక్కో సిట్టింగును కుదించడం వంటి ఏర్పాట్లు అప్పుడు ఆలోచిస్తారు. ఇరుకు గదులంటే భయపడేవారు కూడా ఇలాగే ముందే చెప్పాలి.

చికిత్స రోజు

మహబూబ్‌నగర్ నుంచి గానీ నల్లగొండ నుంచి గానీ హైదరాబాదు సుమారు వంద కిలోమీటర్లే అయినా, తెల్లవారుజాము బస్సును నమ్ముకోకుండా ముందు రోజు సాయంత్రమే చేరుకోవడం మంచిది. తలకు నూనె పెట్టుకోకుండా శుభ్రంగా తలస్నానం చేయాలి. జుట్టు తీయించాల్సిన అవసరం లేదు. ఫిట్స్ మాత్రలు, బీపీ మాత్రలు, థైరాయిడ్ మాత్రలు ఆ ఉదయం కూడా మామూలుగానే వేసుకోవాలి. ఏ పూట తినవచ్చో, షుగర్ మందు ఎంత వేసుకోవాలో దవాఖానవారు చెప్పినట్టు చేయాలి.

ఫ్రేము పద్ధతిలో నుదుటి మీద రెండు, వెనుక రెండు చోట్ల మత్తు సూదులు ఇచ్చి, తేలికైన లోహపు చట్రాన్ని నాలుగు స్క్రూలతో తలకు బిగిస్తారు. సూది గుచ్చినప్పుడు మంట, బిగించినప్పుడు కొన్ని నిమిషాలు గట్టి ఒత్తిడి ఉంటాయి, ఆ తరువాత తగ్గుతాయి. చట్రం కొలతలకు ఆధారం కాబట్టి దానితోనే స్కానింగు తీస్తారు. మాస్కు పద్ధతిలో వేడినీటిలో మెత్తబడిన ప్లాస్టిక్ జాలీని ముఖం మీద పరిచి చల్లారనిస్తారు, అది ముఖం ఆకారంలో గట్టిపడుతుంది. ఆపై ప్లానింగు జరుగుతుంది. ఇదే అసలైన మేధస్సు అవసరమైన ఘట్టం, ఇందులో గంటలు గడవవచ్చు. బయట కూర్చున్నవారు ఆలస్యాన్ని చూసి గాభరా పడనక్కర్లేదు. కిరణాలు పడుతున్నప్పుడు నొప్పి ఉండదు, వేడి ఉండదు. గదిలో రోగి ఒక్కరే ఉన్నా కెమెరా, మైకు ద్వారా బృందంతో మాట్లాడవచ్చు, అవసరమైతే చెయ్యి ఎత్తితే ఆపుతారు.

చికిత్స తరువాత రోగి శరీరంలో ఏ రేడియేషనూ మిగలదు. పిల్లలను ఎత్తుకోవచ్చు, అందరితో కలిసి తినవచ్చు, పాలిచ్చే తల్లి విషయం మాత్రం మందులను బట్టి డాక్టరును అడిగి తెలుసుకోవాలి. బట్టలు, గిన్నెలు వేరు పెట్టడం రోగి మనసును గాయపరుస్తుంది, దానికి ఎటువంటి కారణమూ లేదు.

మొదటి వారాలు

స్క్రూలు పెట్టిన చోట రెండు మూడు రోజులు నొప్పి, కళ్ల చుట్టూ కాస్త వాపు ఉండవచ్చు. అక్కడ పసుపు, పసరు, సున్నం వంటివేవీ పెట్టవద్దు. చెప్పినట్టు శుభ్రం చేసి ఆరనిస్తే మానిపోతుంది. చీము, జ్వరం వస్తే చూపించుకోవాలి. తలనొప్పి, వికారం, నీరసం కొందరికి కొద్దిరోజులు ఉంటాయి. వాపు తగ్గడానికి కొందరికి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రాస్తారు, వాటివల్ల షుగర్ బాగా పెరుగుతుంది కాబట్టి షుగర్ ఉన్నవారు ఇంట్లో పరీక్షించుకుంటూ ఉండాలి. ఆ మాత్రలను డాక్టరు చెప్పిన క్రమంలో తగ్గించుకుంటూ రావాలి తప్ప, బాగానే ఉందని ఒక్కసారిగా మానకూడదు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు మందులు మార్చబోతే కాగితం చూపించి, చికిత్స చేసినవారికి ఫోన్ చేయించండి.

ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్నవారు గడ్డకు చికిత్స అయిపోయిందని మాత్రలు ఆపకూడదు. వారు బండి, ట్రాక్టరు నడపడం, తాటిచెట్టు ఎక్కడం, ఒంటరిగా బావిలో దిగడం డాక్టరు అనుమతి ఇచ్చేదాకా మానుకోవాలి. గీత వృత్తినే నమ్ముకున్న ఇంటికి ఇది ఎంత బరువైన మాటో తెలిసే రాస్తున్నాను. ఇంట్లో ఫిట్స్ వస్తే రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది పెట్టి, నోటిలో ఏమీ పెట్టకుండా చూడాలి. తాళాల గుత్తి చేతిలో పెట్టడం వల్ల ఉపయోగం లేదు. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి. విడవని వాంతులతో తలనొప్పి, మత్తుగా పడి ఉండడం, ఒక కాలు చెయ్యి బలం తగ్గడం, చూపు మసకబారడం కనిపిస్తే హైదరాబాదు అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకుండా సీటీ స్కానింగు ఉన్న దగ్గరి దవాఖానకు వెళ్లాలి.

ఆ తరువాతి ఏళ్లు

సాధారణంగా ఆరు నెలలకు, ఏడాదికి, ఆపై కొన్నేళ్ల పాటు ఏడాదికోసారి ఎంఆర్‌ఐ తీస్తారు. ఈ స్కానింగులలో భయపెట్టే ఒక ఘట్టం ఉంది, దాని గురించి ముందే తెలిసి ఉండాలి. ముఖ్యంగా ష్వానోమాలలో, చికిత్స అయిన ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య గడ్డ కొంత ఉబ్బి, పెద్దదైనట్టు కనిపించవచ్చు, మధ్యభాగం నల్లగా మారవచ్చు. కిరణాల దెబ్బకు గడ్డ లోపల జరిగే మార్పే అది. చాలామందిలో ఆ తరువాత తనంతట తానే తగ్గుతుంది. రిపోర్టులో సైజు పెరిగిందన్న ఒక్క వాక్యం చూసి, చికిత్స చేసిన బృందానికి చూపించకుండా మరోచోట ఆపరేషనుకు ఒప్పుకోవద్దు. స్కానింగు చదివే రేడియాలజిస్టుకు రేడియేషన్ ఇచ్చిన తేదీ, మోతాదు తెలియకపోతే ఆయనకు అది పెరుగుదలగానే కనిపిస్తుంది. కాబట్టి చికిత్స సారాంశం కాగితాన్ని ప్రతి స్కానింగుకూ వెంట తీసుకెళ్లాలి. మెదడు పైభాగంలో, నడినెత్తి పాపిడి వెంట ఉండే మెనింజియోమాల చుట్టూ కొన్ని నెలల తరువాత నీరు చేరి కాలి బలహీనత, ఫిట్స్ రావచ్చు. ఎక్కువగా మందులతో తగ్గుతుంది.

చెవి నరం గడ్డలో గడ్డ ఆగినా వినికిడి కాలక్రమంలో తగ్గుతూ పోవచ్చు. చికిత్స చేయకుండా వదిలేసినా తగ్గేదే కాబట్టి దీనిని చికిత్స వైఫల్యంగా చూడలేము, కానీ ముందే చెప్పించుకోవాలి. ముఖం తిమ్మిరి, ముఖం ఒకవైపు వాలడం ఇప్పటి మోతాదులలో తక్కువ మందికే వస్తాయి. కిరణాల వల్ల కొత్తగా క్యాన్సర్ రావడం అత్యంత అరుదు, అయినా చిన్న వయసువారి విషయంలో డాక్టరు దానిని కూడా లెక్కలోకి తీసుకుంటారు.

పిట్యూటరీ గడ్డకు చికిత్స పొందినవారు స్కానింగుతో సరిపెట్టుకోకూడదు. రేడియేషన్ ప్రభావంతో గ్రంథి హార్మోన్ల ఉత్పత్తి ఏళ్ల తరువాత కూడా తగ్గవచ్చు. అయిదేళ్ల తరువాత ఎండాకాలం వడదెబ్బ అనుకున్న నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం నిజానికి కార్టిసాల్ అనే హార్మోను లోపం కావచ్చు, దానిని గుర్తించకపోతే ప్రాణం మీదికి వస్తుంది. కనీసం ఏడాదికి ఒకసారి ఉదయం పూట కార్టిసాల్, థైరాయిడ్, ఇతర హార్మోన్ల పరీక్షలు జీవితాంతం చేయించుకోవాలి. ఏ జబ్బుకు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పదేళ్ల కిందట పిట్యూటరీకి రేడియేషన్ తీసుకున్నానని చెప్పాలి.

పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు వలస వెళ్లేవారు స్కానింగులు తప్పిపోయేది ఇక్కడే. ఊరికి వచ్చినప్పుడు చూద్దామనుకుంటే రెండేళ్లు గడిచిపోతాయి. వెళ్లేముందు చికిత్స సారాంశం, చివరి ఎంఆర్‌ఐ సీడీ, మందుల చీటీ ఫోనులో ఫొటోలు తీసుకుని, ఆ కాగితాల ప్రతి ఒకటి ఊళ్లో చదువు వచ్చిన ఒకరి దగ్గర కూడా ఉంచండి. పనిచేస్తున్న నగరంలోనే ఏడాదికోసారి కాంట్రాస్టుతో మెదడు ఎంఆర్‌ఐ తీయించి, ఆ డైకామ్ సీడీని, రిపోర్టును హైదరాబాదు బృందానికి పంపితే, పాత స్కానింగుతో పోల్చి మళ్లీ రావాల్సిన అవసరం ఉందో లేదో వారే చెబుతారు.